తొలి అక్షరాల వద్దే ఆగిన యజ్ఞం: విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

1923 జూలై 12న మద్రాసులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు కన్నుమూసే నాటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. అప్పటికి ఆయన సంపాదకత్వంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము మూడు సంపుటాలుగా వెలువడింది. తెలుగు అక్షరమాలలో ఆ గ్రంథం తొలి అచ్చులను దాటలేదు. మిగిలిన అక్షరాలన్నీ రాయవలసిన వ్యాసాలుగానే మిగిలిపోయాయి.

సంపుటాల లెక్క మాత్రమే చూసేవారికి ఇది సగంలో, నిజానికి సగానికి ఎంతో ముందే, ఆగిపోయిన ప్రయత్నం. అయినా ఆధునిక విద్య అంటే ఇంగ్లీషు విద్య అనే అర్థం స్థిరపడిన రోజుల్లో చరిత్ర, రసాయనం, వైద్యం, గణితం, భాషాశాస్త్రం ఏదైనా తెలుగులోనే చదువుకోగల స్థితిని ఊహించి, ఆ ఊహకు పునాదిరాళ్ళు వేసిన వ్యక్తి ఆయన. శతాబ్దం తరువాత విజ్ఞాన సర్వస్వాలు అచ్చు పుటలను విడిచి అంతర్జాలంలోకి మారిపోయాయి. ఆయనను ఆపిన అడ్డంకులలో కొన్ని ఈ మార్పుతో తొలగిపోయాయి. మరికొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆయన జీవితాన్ని తిరిగి చూడడానికి అదొక మంచి కారణం.

పెనుగంచిప్రోలు నుంచి నాగపూరు వరకు

లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. తండ్రి వేంకటప్పయ్య, తల్లి గంగమ్మ. ఆయనకు మూడేళ్ళ వయస్సులోనే తండ్రి మరణించారు. దాంతో నిజాం రాజ్యంలోని భువనగిరిలో ఉన్న సవతి అన్న శంకరరావు ఇంట తల్లీబిడ్డలు కొంతకాలం గడిపారు. ఆ విధంగా కృష్ణా తీరంలో పుట్టిన బాలుడికి తెలంగాణతో అనుబంధం చిన్ననాడే ఏర్పడింది. తరువాతి జీవితంలో ఆయన చేసిన పనులలో సగం ఆ అనుబంధం మీదే నిలిచాయి.

ఆయన చదువు సాగింది నాగపూరులో. అక్క భండారు అచ్చమాంబ భర్త మాధవరావు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఇంజనీరు. ఆ దంపతులు లక్ష్మణరావును తమ వద్ద ఉంచుకుని చదివించారు. తెలుగు మాట్లాడేవారు తక్కువగా ఉండే ఆ నగరంలో పెరిగిన విద్యార్థికి మరాఠీ దాదాపు రెండవ మాతృభాష అయింది. ఆయన మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసేటంత పట్టు సాధించారు. సంస్కృతం, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, బెంగాలీ భాషలతోనూ పరిచయం పెంచుకున్నారు. 1900లో బి.ఏ., 1902లో ఎం.ఏ. పూర్తి చేశారు.

ఈ మరాఠీ వాతావరణం ఆయన ఆలోచనను మలచింది. ఆనాటి మహారాష్ట్రంలో చరిత్ర పరిశోధన ఒక ప్రజా ఉద్యమంలా సాగుతోంది. పాత దస్తావేజులు వెదకడం, శాసనాలు చదవడం, ఫలితాలను దేశభాషలోనే ప్రచురించడం అక్కడి విద్యావంతులకు అలవాటుగా మారింది. తెలుగునాట ఆ స్థాయిలో అటువంటి కృషి లేదు. పొరుగు భాషలో జరుగుతున్నది తన భాషలో ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నతోనే లక్ష్మణరావు ప్రజాజీవితం మొదలైందని చెప్పవచ్చు.

అక్క చూపిన దారి

లక్ష్మణరావు జీవితకథలో అచ్చమాంబ పాత్ర అన్నం పెట్టి చదివించిన అక్కతో ఆగిపోదు. ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తరువాత మరాఠీ కూడా అభ్యసించారు. ఆ చదువుతోనే ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించారు. భారతీయ స్త్రీల జీవితచరిత్రలను ఒక్కచోట చేర్చిన ఆ గ్రంథం తెలుగులో అటువంటి తొలి ప్రయత్నాలలో ఒకటి. 1902 నాటి 'ధనత్రయోదశి' వంటి కథలతో ఆమె తెలుగు తొలి కథారచయితల వరుసలో నిలిచారు. ఆ ఏడాదే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజాన్ని స్థాపించారు.

చెదిరి ఉన్న వివరాలను వెదకి, వడపోసి, ఒక క్రమంలో పెట్టి, చదువరికి అందుబాటులోకి తేవడం విజ్ఞాన సర్వస్వ సంపాదకుడి పని. అచ్చమాంబ తన గ్రంథం కోసం చేసినది సరిగ్గా అదే. తమ్ముడు ఆ పనిని పెద్దయెత్తున తలపెట్టడానికి దాదాపు పదేళ్ళ ముందే ఆ ఇంట్లో దానికి ఒక నమూనా సిద్ధమైంది. 1905లో, 30 ఏళ్ళ వయస్సులో అచ్చమాంబ మరణించారు. మరుసటి సంవత్సరం పుట్టిన కుమార్తెకు లక్ష్మణరావు అక్క పేరే పెట్టారు. ఆ కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ వైద్యురాలిగా పేరు పొంది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

గ్రంథాలయం, గ్రంథమాల

లక్ష్మణరావు మునగాల సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. సంస్థానాధిపతి రాజా నాయని వేంకట రంగారావు. మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందినది, కానీ దాని చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. ఒకే భాష మాట్లాడే రెండు పాలనల నడుమ నిలిచిన ఆ చిన్న ప్రాంతం, రెండు వైపులా పనిచేయదలచిన వ్యక్తికి తగిన స్థానమే అయింది. సంస్థాన వ్యవహారాలు చక్కబెడుతూనే ఆయన రాజా అండతో సాహిత్య, చారిత్రక కృషి సాగించారు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. దాని స్థాపనలో లక్ష్మణరావుతో పాటు మునగాల రాజా, రావిచెట్టు రంగారావు ముఖ్యులు. రంగారావు ఇంటిలోనే ఆ గ్రంథాలయం ఆరంభమైంది. పాలనలోనూ బడులలోనూ ఉర్దూ చెలామణి అవుతున్న రాజ్యంలో తెలుగు పుస్తకాలకు ఒక ఇల్లు ఏర్పరచడం అప్పట్లో సామాన్య విషయం కాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. ఆ తరువాత తెలంగాణలో సాగిన గ్రంథాలయోద్యమానికి ఇవి తొలి మెట్లు.

గ్రంథాలయం ఏర్పడిన తరువాత ఒక లోటు స్పష్టంగా కనిపించింది. అరలలో పెట్టడానికి పురాణాలు, ప్రబంధాలు, శతకాలు ఉన్నాయి. ప్రపంచ చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు, ఆర్థిక విషయాలు తెలుసుకోదలచిన తెలుగు పాఠకుడికి ఇవ్వడానికి పుస్తకాలు లేవు. ఆ లోటు తీర్చడానికే 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. లక్ష్మణరావుతో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు తదితరులు చేతులు కలిపారు. తరువాత మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది.

మండలి ప్రచురించిన మొదటి పుస్తకం హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడి జీవితంతో గ్రంథమాల ఆరంభం కావడంలో ఆ కాలపు రాజకీయ స్పృహ కనిపిస్తుంది. లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్ర రాశారు. భారతదేశ చరిత్రను హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అనే భాగాలుగా రచించారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము ఈ మండలి ద్వారానే 1910లో వెలువడింది. తెలుగువారి చరిత్రను సమగ్రంగా చెప్పబూనిన తొలి గ్రంథంగా దానికి నేటికీ గౌరవం ఉంది. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం మీద రాశారు. పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం మొదలైన అంశాల మీద కూడా పుస్తకాలు వచ్చాయి. మండలి నవలల పోటీలు నిర్వహించి బహుమతులు ఇచ్చి చారిత్రక నవలకు ఊతమిచ్చింది.

ఈ ప్రచురణలకు బలం చందాదారులే. ముందుగా చందా కట్టినవారికి పుస్తకాలు వరుసగా చేరేవి. ప్రభుత్వ సహాయం మీద కాక పాఠకుల మీద ఆధారపడి ఒక భాషలో శాస్త్ర సాహిత్యం నిలబడగలదని మండలి నిరూపించింది. ఇబ్బందులు లేకపోలేదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని రాతలకు హరిసర్వోత్తమరావును ప్రభుత్వం రాజద్రోహ నేరం కింద జైలుకు పంపింది. ఆయన విడుదలై వచ్చిన తరువాత లక్ష్మణరావు ఆయనను మళ్ళీ తన పనిలోకి, మరింత పెద్ద పనిలోకి, తీసుకున్నారు.

సర్వస్వ నిర్మాణం

ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క పుస్తకం వేస్తూ పోతే జ్ఞానమంతా తెలుగులోకి రావడానికి ఎంత కాలం పడుతుంది? ఈ ప్రశ్నకు లక్ష్మణరావు ఎంచుకున్న సమాధానం విజ్ఞాన సర్వస్వం. ఇంగ్లీషులో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పదకొండవ కూర్పు 1910-11లో 29 సంపుటాలుగా వెలువడింది. బెంగాలీలో నగేంద్రనాథ్ బసు కూర్చిన విశ్వకోశం 22 సంపుటాలతో 1911లో పూర్తయింది. దేశభాషలో అటువంటి గ్రంథం సాధ్యమేనని కలకత్తా చూపింది. 1912-13 ప్రాంతంలో మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము పని ఆరంభమైంది.

లక్ష్మణరావు ప్రధాన సంపాదకులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు సహాయ సంపాదకులుగా ఉన్నారు. అప్పటికి యువకులైన మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావు కార్యాలయంలో పనిచేశారు. సోమశేఖరశర్మ శాసన పరిశోధనలో తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ కొలువులోనే. తరువాతి కాలంలో ఆయన ఆంధ్ర చరిత్రకారులలో అగ్రశ్రేణికి చేరారు. రాయప్రోలు నవ్యకవిత్వానికి ఆద్యులలో ఒకరయ్యారు. ఆచంట లక్ష్మీపతి వంటి నిపుణులు తమ తమ రంగాల వ్యాసాలు అందించారు. నగరంలోని కన్నెమరా గ్రంథాలయం సంపాదకవర్గానికి ప్రధాన ఆధారం. ఎవరికీ అందని వ్యాసాలను, ఎవరూ సకాలంలో రాసివ్వని వ్యాసాలను లక్ష్మణరావే రాసేవారు. చరిత్ర, సాహిత్యం, వేదాంతం, గణితం, ఏ విషయమైనా ఆయన కలం నుంచి రావలసిందే.

పని ఎంత కష్టమైనదో గ్రహించాలంటే నాటి భాషా స్థితిని గుర్తుచేసుకోవాలి. ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం రాసే శాస్త్రవేత్తకు పదజాలం సిద్ధంగా ఉంటుంది. తెలుగులో రాసేవారు ప్రతి వ్యాసానికీ ముందు పదాలను నిర్మించుకోవలసి వచ్చింది. ఒక మూలకాన్ని, ఒక అవయవాన్ని, ఒక గణిత ప్రక్రియను ఏమని పిలవాలి? సంస్కృత ధాతువుల నుంచి కొత్త మాట కల్పించాలా, వాడుకలోని తెలుగు మాటకు శాస్త్రార్థం ఇవ్వాలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో నిలపాలా? నేడు వార్తా కార్యాలయాలలో అనువాదకులు ప్రతిరోజూ ఎదుర్కొనే సమస్య ఇదే. తేడా ఏమిటంటే, ఇప్పటివారికి వెనక్కి తిరిగి చూసుకోవడానికి నూరేళ్ళ వాడుక ఉంది. లక్ష్మణరావు బృందానికి అది కూడా లేదు. మూలాన్ని అర్థం చేసుకోవడం, మాట కల్పించడం, ఆ మాటను వివరించడం, ఆ పైన విషయం చెప్పడం, ఈ నాలుగు పనులూ ఒకే వ్యాసంలో జరగాలి. మండలి, సర్వస్వం కలిసి వాడిన శైలి సరళ గ్రాంథికం. ఆనాడు వ్యావహారిక వివాదం ముదురుతున్నప్పటికీ, శాస్త్రం అర్థమయ్యేలా చెప్పడం మీదే ఈ బృందం దృష్టి నిలిచింది.

దశకం ముగిసేలోగా మూడు సంపుటాలు వచ్చాయి. భాషాశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం, వైద్యం, వృక్షశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాలు, రాజనీతి, పురాణాలు, చరిత్రలు, కళలు ఒకే గ్రంథంలో పక్కపక్కన నిలిచాయి. తెలుగు పాఠకుడికి అది కొత్త అనుభవం. ఒక రాజు చరిత్ర కోసం పుట తిప్పినవారికి పక్కనే ఒక మొక్క గురించో, ఒక దేశం గురించో వ్యాసం కనిపించేది.

అక్షరక్రమం విధించిన శిక్ష

మూడు సంపుటాలూ తొలి అచ్చులలోనే తిరిగాయన్న మాట తరచు కొంత జాలితో వినిపిస్తుంది. భాషా నిర్మాణం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. తెలుగు నిఘంటువులలో మిక్కిలి విస్తరించిన అక్షరాలలో అకారం ఒకటి. సంస్కృతంలో వ్యతిరేకార్థం ఇచ్చే ఉపపదం అకారమే. అతి, అధి, అను, అప, అభి, అవ మొదలైన ఉపసర్గలన్నీ దానితోనే మొదలవుతాయి. తత్సమ పదాలలో పెద్ద వాటా ఈ ఒక్క అక్షరం కిందికే చేరుతుంది. దానికి అశోకుడు, అక్బరు, అమెరికా, అద్వైతం, అలంకారశాస్త్రం, అర్థశాస్త్రం తోడైతే సంపుటాలు నిండక ఏమవుతాయి?

ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. బ్రిటానికా తొలి కూర్పు 1768 నుంచి 1771 వరకు ఎడింబరోలో మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో మొదటి సంపుటం మొత్తం ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి రెండక్షరాలకే సరిపోయింది. మిగిలిన అక్షరాలన్నిటినీ తరువాతి రెండింటిలో కుదించారు. అచ్చు విజ్ఞాన సర్వస్వం ఒక బారు లాంటిది. అక్షరక్రమంలో ముందున్న విషయానికి విశాలమైన చోటు దొరుకుతుంది. వెనకనున్న విషయం తన వంతు కోసం వేచి ఉండాలి. సంపాదకుడి ఆయుష్షు, పెట్టుబడి, చందాదారుల ఓపిక వీటిలో ఏది ముగిసినా బారు అక్కడే ఆగిపోతుంది. ఎడింబరో ప్రచురణకర్తలు తరువాతి అక్షరాలను కుదించి గ్రంథాన్ని ముగించారు. లక్ష్మణరావు కుదింపును అంగీకరించలేదు. వ్యాసం సమగ్రంగా ఉండాలన్న పట్టుదలే ఆ సంపుటాలకు ఘనతను తెచ్చింది, గ్రంథం ఆగిపోవడానికి ఒక కారణమూ అయింది. ఆయన కృషిని అంచనా వేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపే చెప్పుకోవాలి.

ఆయన చదువుకున్న నాగపూరులోనే కొద్దికాలానికి మరొక ప్రయత్నం మొదలైంది. అమెరికాలో డాక్టరేటు పొంది వచ్చిన శ్రీధర్ వేంకటేశ్ కేత్కర్ మరాఠీ జ్ఞానకోశానికి పూనుకున్నారు. దానికోసం వాటాల మీద నడిచే సంస్థను నెలకొల్పి, ఇంటింటికీ తిరిగి కొనుగోలుదారులను కూడగట్టారు. 1920వ దశకంలో 23 సంపుటాలు పూర్తి చేశారు. పొరుగు భాషలోని ఈ సాఫల్యం పక్కన పెట్టి చూస్తే తెలుగు ప్రయత్నానికి లోపించినది పాండిత్యం కాదని అర్థమవుతుంది. నిలకడగా డబ్బు సమకూర్చే ఏర్పాటు, భారాన్ని పంచుకునే పెద్ద బృందం దానికి లేకపోయాయి. భారమంతా ఒక్కరి భుజాల మీదే పడింది.

చివరి సంవత్సరాలు

ఉబ్బసం లక్ష్మణరావును దీర్ఘకాలం వేధించింది. అయినా శాసనాల పరిశీలన, చారిత్రక వ్యాసరచన ఆపలేదు. పూర్వ కవుల, రాజుల కాలనిర్ణయం మీద ఆయన రాసిన వ్యాసాలు తరువాత లక్ష్మణరాయ వ్యాసావళి పేరిట పుస్తకంగా వచ్చాయి. ఐతిహ్యాన్ని చరిత్రగా అంగీకరించకపోవడం, ప్రతి అంశానికీ శాసనమో గ్రంథమో ఆధారంగా చూపడం ఆ వ్యాసాలలో కనిపించే పద్ధతి.

మద్రాసులోని ఆయన ఇల్లు తెలుగు పండితులకు, కార్యకర్తలకు విడిదిగా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1919 మే 27న కన్నుమూసింది ఆ ఇంట్లోనే. నాలుగేళ్ళ తరువాత లక్ష్మణరావు కూడా అదే నగరంలో తుదిశ్వాస విడిచారు. తెలంగాణ చరిత్ర పరిశోధన కోసం హైదరాబాదులో 1922లో ఏర్పడిన సంఘం ఆయన స్మృతిగా లక్ష్మణరాయ పరిశోధక మండలి అనే పేరు పెట్టుకుంది. ఆదిరాజు వీరభద్రరావు తదితరులు నడిపిన ఆ మండలి తెలంగాణ శాసనాలను సేకరించి ప్రచురించింది. ఆయన ఆరంభించిన పనులలో నిలకడగా సాగినవి ఇటువంటివే.

విజ్ఞాన సర్వస్వాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు భుజానికెత్తుకున్నారు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక సంస్థాపకులైన ఆయనకు ధనబలం, ముద్రణాబలం రెండూ ఉన్నాయి. పాత సంపుటాలను సవరించి, విస్తరించి 1930వ దశకంలో కొత్త కూర్పు వెలువరించారు. 1938లో ఆయన మరణంతో ఆ ప్రయత్నమూ ఆగిపోయింది. లక్ష్మణరావుకు లేని ధనం నాగేశ్వరరావుకు ఉంది. కానీ ఒక్క వ్యక్తి మీద ఆధారపడిన పనికి ఆ వ్యక్తి ఆయుష్షే హద్దు అవుతుందన్న సంగతి రెండవసారి రుజువైంది.

వ్యక్తుల నుంచి సంస్థలకు, సంస్థల నుంచి అందరికీ

ఈ అనుభవం నుంచి తరువాతి తరం పాఠం నేర్చుకుంది. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని పక్కన పెట్టి విషయానికి ఒక సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వాన్ని తెచ్చింది. ఏ సంపుటం ఆలస్యమైనా మిగిలినవి ఆగవలసిన అవసరం లేదు. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం తదితరుల సంపాదకత్వంలో సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. అది అకారాది క్రమాన్ని నిలుపుకొని, పేరుకు తగినట్లు సంగ్రహంగా ఉండడం ద్వారా గమ్యం చేరింది. లక్ష్మణరావును ఆపిన రెండు సమస్యలకు ఈ విధంగా రెండు పరిష్కారాలు దొరికాయి.

అక్షరక్రమపు బారును పూర్తిగా రద్దు చేసింది మాత్రం కంప్యూటరే. 1990వ దశకంలో ఎన్‌కార్టా వంటి సీడీ విజ్ఞాన సర్వస్వాలు అలమరా నిండే సంపుటాలను అరచేతిలో పట్టే పళ్ళేనికి కుదించాయి. 2001లో వికీపీడియా ఇంగ్లీషులో మొదలైంది. 2009లో ఎన్‌కార్టా మూతపడింది. 244 ఏళ్ళు అచ్చులో సాగిన బ్రిటానికా తన 32 సంపుటాల ముద్రణను ఇక కొనసాగించబోమని 2012లో ప్రకటించి పూర్తిగా అంతర్జాలానికి మారింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైంది. నేడు అందులో వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. అక్కడ హకారంతో మొదలయ్యే విషయం అకారం పూర్తయ్యేదాకా వేచి ఉండనక్కరలేదు. కాగితం ధర, పుటల సంఖ్య, చందాల వసూలు ప్రసక్తే లేదు. తప్పు దొరికితే తదుపరి కూర్పు కోసం దశాబ్దాలు ఎదురుచూడకుండా ఆ క్షణమే దిద్దవచ్చు.

అయితే లక్ష్మణరావు ఎదుర్కొన్న కష్టాలన్నీ తీరిపోలేదు. అంతర్జాలంలో చోటుకు కొదవ లేదు, రాసేవారికే కొదవ. తెలుగు మాట్లాడేవారు కోట్ల సంఖ్యలో ఉండగా, నిత్యం ఓపికతో వ్యాసాలు రాసి దిద్దే స్వచ్ఛంద కార్యకర్తలు కొద్దిమందే. ఊళ్ళ వివరాలు పట్టికలుగా చేరినంత వేగంగా శాస్త్ర వ్యాసాలు చేరడం లేదు. యంత్రానువాదంతో వచ్చిన వ్యాసాలను మనిషి చదివి చక్కదిద్దక తప్పడం లేదు. పదం లేని చోట పదం కల్పించడం, దానిని నలుగురూ అంగీకరించేలా చేయడం 1913లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం. ఆధారం చూపనిదే వాక్యం నిలవరాదన్న నియమం కూడా కొత్తది కాదు. శాసనం చూపనిదే కాలనిర్ణయం చేయని లక్ష్మణరావు పద్ధతి అదే.

తెలుగు వికీపీడియన్లు ఈ వారసత్వాన్ని గుర్తించారు. విశేష కృషి చేసిన కార్యకర్తలకు కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారం ఇచ్చారు. ఆయన అచ్చు వేసిన సంపుటాలు ఇప్పుడు ప్రతిబింబాల రూపంలో అంతర్జాల భాండాగారాలలో ఉచితంగా లభిస్తున్నాయి. చందా కట్టగలిగిన ఇళ్ళ కోసం మాత్రమే కాక, సెల్‌ఫోను ఉన్న ప్రతి విద్యార్థి కోసం ఆ పుటలు తెరుచుకుని ఉన్నాయి.

ఆయన తన గ్రంథానికి ఎంచుకున్న పేరు కూడా మిగిలింది. సర్వస్వం అంటే ఒకరికి ఉన్న సమస్త ధనం. నాడు ఒక గ్రంథం పేరులో నిలిచిన ఆ మాట నేడు తెలుగులో అటువంటి గ్రంథాలన్నిటికీ సామాన్య నామమైంది. ఏ బడిపిల్ల అయినా తెలుగు వికీపీడియా తెరిచినప్పుడు దాని పేరు కిందనే ఆ మాట కనిపిస్తుంది. లక్ష్మణరావు తన ఆయుష్షులో తొలి అక్షరాలనే పూర్తి చేయగలిగారు. తక్కినవి రాసే పని ఇప్పుడు చదివేవారందరి చేతిలోనూ ఉంది.